రోటర్ వేగం ఎంత? కొలిచే పద్ధతుల్లో దేన్ని, ఎప్పుడు నమ్మాలి

విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కవాళ్ళ ఇంటి కింద కారు షెడ్డు ఉంది. కారు లేదు కాబట్టి అది మా మేనల్లుడి వర్క్‌షాపు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి వాడు కొత్తగా బిగించిన ఎలక్ట్రిక్ మోడల్ హెలికాప్టర్ కాళ్ళను చెక్కపలకకు కట్టి తిప్పుతున్నాడు. ఒక చేతిలో ట్రాన్స్‌మిటర్, ఇంకో చేతిలో వెలుగు మినుకులను లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే ఆప్టికల్ టాకోమీటర్.

"మామయ్యా, సరిగ్గా మూడు వేలు! ఒకటి రెండు అంకెలు తప్ప కదలడమే లేదు" అన్నాడు సంబరంగా.

ఆ రెండో మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. బ్యాటరీతో తిరిగే రోటర్ అంత బుద్ధిగా ఒకే అంకె మీద కూర్చోదు. ముందు మోటారు ఆపించాను. నాలుగు గోడల మధ్య, మూడు అడుగుల దూరంలో నిలబడి బ్లేడ్లు తిప్పినందుకు పెట్టాల్సిన చీవాట్లు పెట్టాను. తర్వాత బ్యాటరీ తీయించి, టాకోమీటర్ అందుకుని తల పైకెత్తి షెడ్డు ట్యూబులైటు వైపు చూపించాను. మూడు వేలు. రోటర్ కదలకుండా కింద పడి ఉంది, మీటరు మాత్రం మూడు వేలే చెబుతోంది.

లెక్క చిన్నదే. మన కరెంటు 50 హెర్ట్‌జ్. పాత చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు, నిమిషానికి 6,000 సార్లు మినుకుతుంది. టాకోమీటర్‌ను రెండు బ్లేడ్ల సెట్టింగులో పెడితే ఆ 6,000ను రెండుతో భాగిస్తుంది. చౌకరకం ఎల్‌ఈడీ బల్బులు కూడా చాలావరకు ఇదే పని చేస్తాయి. ఈ సైజు, అంటే 450 తరగతి హెలికాప్టర్‌కు మూడు వేలు అనేది నమ్మదగ్గ అంకె కావడమే ఇక్కడ చిక్కు. అదే ఏ పన్నెండు వేలో చూపించి ఉంటే వాడే నవ్వి పక్కన పెట్టేవాడు. ఈ మూడు వేల దయ్యం ఇంకో రూపంలో మళ్ళీ ఎదురవుతుంది, దాని సంగతి తర్వాత.

నేను గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. రింగ్ ఫ్రేముల మీద నిమిషానికి పదిహేను, పద్దెనిమిది వేల చుట్లు తిరిగే స్పిండిళ్ళ వేగం చూడడం నా రోజువారీ పని. అందుకే హెలికాప్టర్లు ఎగరవేయడంలో మా మేనల్లుడు నాకంటే ఎంతో ముందున్నా, తిరిగేదాని వేగం కొలవడం గురించి మాత్రం నా మాట వింటాడు. ఆ రోజు తర్వాత రెండు నెలలపాటు ఆదివారాలు మేమిద్దరం ఒకే హెలికాప్టర్ మీద ఒక్కో పద్ధతీ ప్రయత్నించి చూశాం. ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పే ముందు, అసలు ఏ వేగం కావాలో తేల్చుకోవాలి.

మనకు కావలసింది నేలమీద ఖాళీగా తిరుగుతున్నప్పటి వేగం కాదు. గాలిలో, హెలికాప్టర్ బరువును మోస్తున్నప్పటి వేగం. బ్లేడు తయారీదారు పెట్టిన గరిష్ఠ పరిమితితో పోల్చవలసింది, తోక ఎందుకు ఊగుతోందో తెలుసుకోవడానికి చూడవలసింది, బ్యాటరీ ఆరు నిమిషాలు వస్తుందా నాలుగే వస్తుందా అని లెక్క వేయవలసింది ఆ వేగంతోనే. పద్ధతుల మధ్య నా ఎంపిక మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడిచింది: ఎగురుతున్నప్పుడు కొలవగలదా లేదా?

అంకె ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. మా హెలికాప్టర్ బ్లేడు పొడవు 325 మిల్లీమీటర్లు. ఒక్కో బ్లేడు 35 గ్రాములు, దాని బరువు కేంద్రం ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 2,640 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఆ బ్లేడు తన బోల్టును బయటికి లాగే బలం దాదాపు 54 కిలోలు. 3,000 దగ్గర 70 కిలోలు. ఆర్‌పీఎంలో 360 తేడా వస్తే, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు వేలాడుతున్న బోల్టుకు ఇంకో అర బస్తాకు పైగా తగిలించినట్టు. బ్లేడు కొస గంటకు 350 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది కాబట్టి ఆ బోల్టు తెగితే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. వేగం పెరిగేకొద్దీ బ్లేడ్లను గాలిలో ఈడ్చడానికే పోయే శక్తి ఘనంతో పెరుగుతుంది. పది శాతం వేగం పెంచితే ఆ ఖర్చు మూడో వంతు పెరిగినట్టే.

కాగితం మీది లెక్క

అందరూ మొదట చేసేది ఇదే, ఖర్చు లేదు కాబట్టి. మోటారు కేవీని (ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లన్న అంకె) బ్యాటరీ వోల్టేజీతో గుణించి, పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) పళ్ళతో గుణించి, మెయిన్ గేర్ (రోటర్‌ను తిప్పే పెద్ద గేరు) పళ్ళతో భాగించాలి. మావాడి మోటారు 3,500 కేవీ, బ్యాటరీ మూడు సెల్లుల లైపో, పినియన్ 13 పళ్ళు, మెయిన్ గేర్ 150 పళ్ళు. దాని మామూలు వోల్టేజీ 11.1 తీసుకుంటే 3,367 వస్తుంది. అప్పుడే ఛార్జింగు నుంచి తీసిన బ్యాటరీకి 12.6 వోల్టులు వేస్తే 3,822. ఇక్కడే 450 తేడా వచ్చేసింది, ఇంకా మోటారు తిరగనే లేదు.

కేవీ అంటే మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లు అన్న లెక్క. లోడు పడగానే బ్యాటరీలో, తీగల్లో, ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం), మోటారు చుట్టల్లో కొంత వోల్టేజీ పోతుంది. అందుకే 0.85తో గుణించుకోమని చెబుతారు. కొందరు 0.8 అంటారు, కొందరు 0.9. మా విషయంలో 0.8 వేస్తే 2,693, 0.9 వేస్తే 3,030. రెండింటి మధ్య 337 ఆర్‌పీఎం. మనం కొలవాలనుకుంటున్న తేడా అంతా ఈ గుణకంలోనే మునిగిపోయింది. ఉప్పు తగినంత అని వంటల పుస్తకంలో రాసినట్టు ఉంటుంది ఇది.

గుణకం బదులు నిరోధం వేసుకుంటే కొంత మెరుగు. మొత్తం దారిలో 60 మిల్లీ ఓములు ఉన్నాయనుకుందాం. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, 12 ఆంపియర్లు తీసుకుంటే 0.72 వోల్టు పోతుంది, రోటర్ 3,149 దగ్గర తిరుగుతుంది. జోరుగా పైకి లేపితే 30 ఆంపియర్లు, 1.8 వోల్టులు పోయి వేగం 2,821కి పడుతుంది. గవర్నర్ (లోడు మారినా వేగాన్ని ఒకే దగ్గర నిలిపే ఏర్పాటు) లేని హెలికాప్టర్‌కు అసలు ఒకే వేగం అంటూ లేదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. థ్రాటిల్ 80 శాతంలో పెడితే వేగం కూడా ఖచ్చితంగా 80 శాతం అవుతుందని అనుకోవడం ఇంకో పొరపాటు.

అయినా నేను ఈ లెక్కను పారేయమనను. దీని అసలు చోటు కొనడానికి ముందు. ఉదాహరణకు మావాడు గవర్నర్‌ను 2,640 దగ్గర పెట్టాలనుకున్నాడు. 13 పళ్ళ పినియన్‌తో 30 ఆంపియర్ల లోడులో కూడా 2,821 వరకు చేతిలో ఉంది, కాబట్టి గవర్నర్‌కు ఊపిరి తీసుకునే చోటుంది. అదే 12 పళ్ళ పినియన్ వేస్తే 30 ఆంపియర్ల దగ్గర 2,604కు పడిపోతుంది, అంటే పైకి లేచేటప్పుడల్లా గవర్నర్ చేతులెత్తేస్తుంది. ఏ పినియన్ కొనాలి అన్న ప్రశ్నకు ఈ లెక్క చక్కగా జవాబు చెబుతుంది. ఇప్పుడు ఎంత వేగంతో తిరుగుతోంది అన్న ప్రశ్నకు చెప్పలేదు.

ఆప్టికల్ టాకోమీటర్

ట్యూబులైటు కింద దీని బండారం చూశాం. ఆరుబయట, పగటి వెలుతురులో, ఆకాశం వెనకాల ఉండేలా పట్టుకుంటే మాత్రం నిజాయితీగానే చెబుతుంది. బ్లేడు అడ్డువచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది, మీటరు ఆ తగ్గుదలలు లెక్కపెడుతుంది. బ్లేడ్ల సంఖ్య సరిగ్గా పెట్టారో లేదో చూసుకోవాలి, అంతే.

దీనితో నా పేచీ వేరే. రీడింగు రావాలంటే దగ్గరికి వెళ్ళాలి. ఎగరవేసేవాడి చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఇంకో మనిషి, గాలిలో నిలిచి ఉన్న హెలికాప్టర్‌కు కొద్ది అడుగుల దూరంలో, చేయి చాచి నిలబడాలి. ఆ మనిషిగా నేను ఒకసారి నిలబడ్డాను. అంకె చదవాలంటే హెలికాప్టర్ మీద నుంచి చూపు తిప్పి చేతిలోకి చూడాలి. ఆ అర సెకను నాకు నచ్చలేదు, మళ్ళీ నిలబడను.

హెలికాప్టర్‌ను నేలమీదే ఉంచి, పిచ్ (బ్లేడ్ల వాలు) సున్నాలో పెట్టి కొలవచ్చు కదా అంటారు. గవర్నర్ ఉంటే ఫరవాలేదు, నేలమీద చూపించిన అంకె గాలిలోనూ దాదాపు అదే ఉంటుంది. గవర్నర్ లేకపోతే లోడు లేని వేగం కొలిచి లోడు ఉన్న వేగమని మురిసిపోవడమే. రోటర్ తలకు మెరిసే స్టిక్కరు అంటించి లేజర్‌తో కొలిచే టాకోమీటర్లు మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో బాగా వాడతాం. లైటు మినుకులతో వాటికి పెద్దగా ఇబ్బంది ఉండదు కానీ వాటికి ఇంకా దగ్గరికి వెళ్ళాలి. ఉంటే నేల పరీక్షకు వాడుకోండి, దీనికోసమే కొనవద్దు.

స్ట్రోబ్ లైటు, స్లో మోషన్ వీడియో

స్ట్రోబ్, అంటే టపటపా మెరిసే లైటు, నా సొంత ఆయుధం, కాబట్టి దీని గురించి కొంచెం పక్షపాతంతో మాట్లాడతానని అనుకుంటారు. కానీ హెలికాప్టర్‌కు దీన్ని మిల్లులోనే వదిలేసి రమ్మంటాను.

మెరుపుల వేగాన్ని మార్చుకుంటూ పోతే ఒక దగ్గర రోటర్ కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. అదే వేగం అని సంబరపడకూడదు. అసలు వేగంలో సగం దగ్గరా, మూడో వంతు దగ్గరా కూడా అలాగే నిలబడుతుంది. రెండు బ్లేడ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి రెట్టింపు దగ్గర కూడా నిలబడుతుంది. ఒక బ్లేడుకు గుర్తు పెట్టి, ఆ గుర్తు ఒకే చోట ఒక్కటిగా కనిపించే అన్నిటికంటే పెద్ద అంకెను తీసుకోవాలి. మిల్లులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలో తప్పకుండా సగం వేగం చెబుతారు.

అంతకంటే పెద్ద విషయం ఉంది. స్ట్రోబ్ వెలుగులో తిరుగుతున్న వస్తువు నిజంగానే ఆగినట్టు ఉంటుంది. మిల్లులో మొదటి రోజు మాకు నేర్పిన మొదటి మాట, కళ్ళు ఏం చెప్పినా చేయి ముందుకు పోనివ్వకు అని. నూలు చుట్టిన స్పిండిల్ వేలిని గీరి వదిలేస్తుంది. బ్లేడు వదలదు. చీకట్లో, ఆగినట్టు కనిపించే రోటర్ పక్కన ఒక కుర్రాడిని నిలబెట్టే పద్ధతి నాకు వద్దు.

అదే తత్త్వం మీద నడిచే స్లో మోషన్ వీడియో మాత్రం ముచ్చటైన పద్ధతి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను ఉంటే చాలు. 2,640 ఆర్‌పీఎం అంటే సెకనుకు 44 చుట్లు, చుట్టుకు అయిదున్నర ఫ్రేముల లోపు. కాబట్టి బ్లేడు ఎటు తిరిగిందన్న అయోమయం రాదు. ఒక బ్లేడు కొసకు ఎర్ర టేపు, ఇంకోదానికి అంతే పొడవు నల్ల టేపు అంటించాలి. ఒక్కదానికే అంటిస్తే బరువు తేడా వచ్చి హెలికాప్టర్ వణుకుతుంది, ఇది మేము చేసి తెలుసుకున్నదే. ఫోనును స్టాండు మీద పెట్టి, ఎండలో, పది మీటర్ల దూరంలో నిలిచి ఉన్న హెలికాప్టర్‌ను తీశాం. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ ఎర్ర కొస 20 చుట్లు పూర్తి చేయడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టాం. 109 వచ్చాయి. 20ని 109తో భాగించి, 240తో, 60తో గుణిస్తే 2,642. ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే పాతిక ఆర్‌పీఎం మారుతుంది. వంద చుట్లు లెక్కపెడితే ఆ తేడా అయిదుకు దిగుతుంది, కళ్ళు మాత్రం లాగుతాయి.

ఒక జాగ్రత్త. కొన్ని ఫోన్లు 240 అని చెబుతాయి కానీ తక్కువ ఫ్రేములు తీసి మధ్యలోవి తామే పుట్టిస్తాయి. ఒక్కో ఫ్రేము జరిపినప్పుడు బ్లేడు రెండు ఫ్రేముల్లో ఒకే చోట ఉన్నా, మసకగా రెండు చోట్ల కనిపించినా ఆ ఫోనును నమ్మకండి. బ్లేడు అరటిపండులా వంగి కనిపిస్తే కంగారు పడకండి, అది కెమెరా పై వరుస నుంచి కింది వరుసకు బొమ్మను చదివే తీరు. చుట్ల లెక్కకు దానితో ఇబ్బంది లేదు.

చెవితో, మైకుతో

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. ఖర్చు లేదు, దగ్గరికి వెళ్ళక్కర్లేదు, గాలిలో ఉన్నప్పుడే కొలుస్తుంది, హెలికాప్టర్‌కు ఏమీ అంటించక్కర్లేదు.

రెండు బ్లేడ్ల రోటర్ ఒక్కో చుట్టుకు గాలిని రెండుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు ఎన్ని హెర్ట్‌జ్‌లో తెలిస్తే 30తో గుణించడమే. 88 హెర్ట్‌జ్ అయితే 2,640. ఫోనును నేలమీద, అయిదారు మీటర్ల దూరంలో పెట్టి ఓ ఇరవై సెకన్లు రికార్డు చేసి, ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ హెర్ట్‌జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫు, చూస్తే చాలు. గ్రాఫులో ముళ్ళలా గీతలు లేస్తాయి.

మేము మొదటిసారి చూసినప్పుడు ఆ ముళ్ళ అడవిలో ఏది ఏమిటో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అవి కుటుంబాలుగా ఉంటాయని. ప్రధాన రోటర్ కుటుంబం 88, 176, 264, 352 అంటూ సమానమైన అడుగులు వేస్తుంది. ఫోను మైకులు లోతైన శబ్దాలను సరిగ్గా పట్టవు కాబట్టి 88 దగ్గరి గీత చిన్నగా ఉండి, 176 దగ్గరిది పొడుగ్గా ఉండవచ్చు. దాన్నే అసలుదనుకుంటే 5,280 వస్తుంది, అది అసంభవమని తెలిసిపోతుంది. గీతల ఎత్తు చూడకండి, వాటి మధ్య ఎడం చూడండి. తోక రోటర్ వేరే కుటుంబం. మా హెలికాప్టర్‌లో తోక ప్రధాన రోటర్ కంటే 4.24 రెట్లు వేగంగా తిరుగుతుంది, దానికీ రెండు బ్లేడ్లే, కాబట్టి 373 దగ్గర ఒక గీత, 746 దగ్గర ఇంకోటి.

అసలు నిధి ఇంకా పైన ఉంది. మెయిన్ గేరుకు 150 పళ్ళు. ప్రతి పన్నూ పినియన్‌ను తాకినప్పుడు చిన్న టిక్కు. సెకనుకు 44 చుట్లు, చుట్టుకు 150 టిక్కులు, మొత్తం 6,600 హెర్ట్‌జ్. హెలికాప్టర్ దగ్గర చెవిని కోసినట్టు వినిపించే ఆ సన్నటి కీచు ఇదే. 88 దగ్గరి గీతను చదవడంలో ఒక హెర్ట్‌జ్ తప్పితే 30 ఆర్‌పీఎం తప్పుతాం. 6,600 దగ్గర ఒక హెర్ట్‌జ్ తప్పితే పోయేది 0.4 ఆర్‌పీఎం. పైగా ఫోను మైకు ఆ ఎత్తు శబ్దాన్ని చక్కగా పడుతుంది. మొదట 88 కుటుంబంతో సుమారు వేగం కనుక్కుని, దాని ఆధారంగా గేరు గీత ఎక్కడ ఉండాలో చూసుకుని, అక్కడి నుంచి ఖచ్చితమైన అంకె తీసుకోవడం మా పద్ధతి. ఏటవాలు పళ్ళ గేరు ఉన్న హెలికాప్టర్లలో ఈ కీచు మెత్తగా ఉంటుంది, గీత దొరకడం కొంచెం కష్టం.

ఇప్పుడు ఇందులో ఉన్న గోతులు. హెలికాప్టర్ ఒక చోట నిలిచి ఉండాలి. సెకనుకు 15 మీటర్ల వేగంతో ఫోను వైపు వస్తుంటే శబ్దం నాలుగు శాతానికి పైగా పెరిగినట్టు వినిపిస్తుంది, అంటే దాదాపు 120 ఆర్‌పీఎం అబద్ధం. రైలు కూత దగ్గరికి వస్తూ ఒకలా, దాటిపోతూ ఒకలా వినిపించడం గుర్తుందా, అదే. రెండోది, వాయిస్ రికార్డర్లలో, కాల్స్‌లో చుట్టుపక్కల రొదను తొలగించే ఏర్పాటు ఉంటుంది. అది ఎడతెగకుండా వచ్చే శబ్దాన్నే రొద అనుకుని తుడిచేస్తుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ శబ్దమే. ఆ ఏర్పాటును ఆపగలిగే యాప్ వాడాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపించమని అడిగితే రోటర్ దారిలోనే మాయమవుతుంది.

మూడో గొయ్యి మన మూడు వేల దయ్యం. మేము ఎగరవేసే చోటు గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే దారిలో కోత అయిపోయిన పొలం. గట్టు మీద బోరు మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ రొద సరిగ్గా 100 హెర్ట్‌జ్. దాన్ని రోటర్ అనుకుంటే మళ్ళీ 3,000! రెండు బ్లేడ్ల రోటర్‌కు, మన దేశంలో, ఏ పద్ధతిలోనైనా సరే 3,000 వచ్చిందంటే ముందు అనుమానించండి. హెలికాప్టర్ ఎగరక ముందు పది సెకన్లు ఖాళీ రికార్డింగు తీసి పెట్టుకుంటే, అందులోనూ కనిపించే గీతలన్నీ హెలికాప్టర్‌వి కావని తేలిపోతుంది.

చోటు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు పరిసరాల్లో ఖాళీ నేల కనిపిస్తే అది మిర్చి కల్లం కాదని నిర్ధారించుకోండి. కల్లం అంచున ఒకసారి దిగాం. రోటర్ గాలికి లేచిన ఘాటుతో ఇద్దరం తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉంటే రికార్డింగులో హెలికాప్టర్ కంటే మా తుమ్ములే గట్టిగా పడ్డాయి. రైతు తిట్టలేదు, నవ్వాడు. గన్నవరం వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం విమానాశ్రయం దృష్ట్యా ఎక్కడ ఎగరవేయవచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకుని వెళ్ళండి.

సంగీతం తెలిసినవాళ్ళు రికార్డింగు లేకుండానే శృతి పట్టి వేగం చెప్పగలరా అని మా అక్క అడిగింది. కొంతవరకు చెప్పగలరు. స్వరంలో ఒక్క మెట్టు, అంటే అర స్వరం తేడా దాదాపు ఆరు శాతం, మన లెక్కలో 160 ఆర్‌పీఎం. నిన్నటికంటే ఈ రోజు నెమ్మదిగా తిరుగుతోందని పట్టుకోవడానికి మంచి చెవి చాలు. ఎంత నెమ్మదిగా అంటే చాలదు.

ఈఎస్‌సీ రాసుకునే లెక్క

డబ్బు పెట్టగలిగితే దీనికి సాటి లేదు. బ్రష్‌లెస్ మోటారును తిప్పాలంటే ఈఎస్‌సీ ప్రతి చుట్టులోనూ అయస్కాంతాలు ఎక్కడున్నాయో కనిపెడుతూ ఉండాలి. అంటే వేగం దానికి ముందే తెలుసు. మంచి ఈఎస్‌సీలు ఆ వేగాన్ని లాగ్‌లో రాసుకుంటాయి, కొన్ని టెలిమెట్రీ ద్వారా ట్రాన్స్‌మిటర్ తెరమీదే చూపిస్తాయి. నిలిచి ఉన్నప్పుడే కాదు, పల్టీ కొట్టేటప్పుడు వేగం ఎంత పడిందో, ఎంత సేపటికి తేరుకుందో కూడా గీత గీసి చూపించగలిగేది ఇదొక్కటే. పాత ఈఎస్‌సీ ఉంచుకునేవాళ్ళు మోటారు తీగకు తగిలించే ఆర్‌పీఎం సెన్సర్ కొనుక్కుని ఫ్లైబార్‌లెస్ యూనిట్‌కో (హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టె), టెలిమెట్రీకో కలుపుకోవచ్చు. మెయిన్ గేరుకు చిన్న అయస్కాంతం అంటించే సెన్సర్లు కూడా ఉన్నాయి, కానీ మా ఎండల్లో జిగురు మెత్తబడి అది ఎటు ఎగిరిపోతుందో అన్న భయం నాకుంది.

ఇది అబద్ధం చెప్పే దారి ఒక్కటే, మనం తప్పు అంకె ఇస్తే. ఈఎస్‌సీ చూసేది అయస్కాంతాల జతలు దాటడం. మోటారులో ఎన్ని అయస్కాంతాలు, గేరు నిష్పత్తి ఎంత అన్నది మనం చెప్పాలి. మావాడి మోటారులో ఆరు అయస్కాంతాలు. వాడు దుకాణదారు మాట మీద ఎనిమిది అని పెట్టాడు. తెరమీద 1,980 వచ్చింది. వాడు వెంటనే థ్రాటిల్ పెంచబోయాడు! స్లో మోషన్ వీడియో అప్పటికే 2,642 చెప్పింది కాబట్టి ఆగాం. మోటారు సందుల్లోంచి టార్చి వేసి అయస్కాంతాలు లెక్కపెట్టి ఆరు అని మార్చగానే 2,638 కనిపించింది. గేరు కీచు కూడా 6,600 దగ్గరే ఉంది. మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు నాలుగు ఆర్‌పీఎం లోపల కలిశాయి. మిల్లులో అయితే దీనికి సంతకం పెట్టేస్తాను.

ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టి, గవర్నర్ లేని 450 తరగతి హెలికాప్టర్ ఎగరవేస్తున్నవాళ్ళకు టాకోమీటర్ కొనవద్దనే చెబుతాను. ఆ డబ్బు బ్లేడ్లకు దాచుకోండి, అవసరం పడుతుంది. పినియన్ ఎంచుకోవడానికి కాగితం లెక్క, ఎగిరిన తర్వాత ఫోను రికార్డింగు, ఇవి చాలు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అయిపోవస్తున్నప్పుడు ఒకసారి రికార్డు చేస్తే వేగం ఎంత జారుతోందో తెలుస్తుంది. గవర్నర్ కావాలా వద్దా అన్నది ఆ తేడానే చెబుతుంది.

శబ్దం, గ్రాఫులు అంటే చిరాకు పడేవాళ్ళు, ఫోను మంచిదై ఉంటే, స్లో మోషన్‌తో వెళ్ళండి. కళ్ళతో చూసి లెక్కపెట్టిన దానిమీద వచ్చే నమ్మకం వేరు. మూడు బ్లేడ్ల రోటర్ ఉన్నవాళ్ళు శబ్దం లెక్కలో 30 బదులు 20తో గుణించాలని మరవకండి.

600, 700 తరగతికి వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. అవి తక్కువ వేగంతో, సాధారణంగా రెండు వేల అటూ ఇటూ తిరుగుతాయి కానీ బ్లేడు బరువు, పొడవు ఎక్కువ కావడంతో బోల్టు మీద పడే బలం ఎన్నో రెట్లు. అక్కడ లాగ్ రాసే ఈఎస్‌సీని విలాసం అనుకోవద్దు. కొత్త ఈఎస్‌సీ కొన్న మొదటి రోజు మాత్రం ఫోను రికార్డింగుతో ఒకసారి సరిచూసుకోండి, అయస్కాంతాల లెక్క తప్పితే అక్కడే దొరుకుతుంది.

ఇప్పటికే ఆప్టికల్ టాకోమీటర్ కొనేసినవాళ్ళు దాన్ని పారేయక్కర్లేదు. గవర్నర్ ఉన్న హెలికాప్టర్‌కు, ఆరుబయట, నేలమీద, పిచ్ సున్నాలో, దూరం పాటిస్తూ వాడుకోవచ్చు.

ఇంత ఖచ్చితత్వం ఎందుకని మావాడే ఒకసారి అడిగాడు. జనవరి ఉదయం 20 డిగ్రీల గాలికీ, మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికీ సాంద్రతలో ఏడు శాతం తేడా ఉంది. అదే పిచ్‌తో అదే బరువు మోయాలంటే 2,640 దగ్గర తిరిగే రోటర్ దాదాపు 95 ఆర్‌పీఎం ఎక్కువ తిరగాలి. కాగితం లెక్కలోని గుణకం ఒక్కటే 337 తేడా చూపించేటప్పుడు ఈ 95ను దానితో వెతకడం కుదరదు. రోహిణీ కార్తెలో ఒక ఆదివారం, ఎండ ముదరకముందే పొలానికి వెళ్ళి గవర్నర్‌ను 2,740కి మార్చాడు. నేను చెట్టు కింద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. గేరు గీత 6,600 నుంచి 6,850కి జరిగింది, తోక గీత కూడా దానితోపాటే జరిగింది. గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ గీత మాత్రం 100 దగ్గర ఎప్పటిలాగే కదలకుండా నిలబడి ఉంది.